కొండ మీద రెండెకరాల కాఫీ: ఎండ కంటే వాన వేళ తప్పడమే పెద్ద దెబ్బ

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పాడేరు దగ్గర కొండవాలులో మీ నాన్నగారికి రెండెకరాల అరబికా కాఫీ తోట ఉంది. కొన్నేళ్ళుగా దిగుబడి తగ్గుతోంది. మొక్కలు ఉన్నట్టుండి పసుపుబారి చచ్చిపోతున్నాయి. కోత రోజుల్లో వానలు పడి గింజ రంగు మారుతోంది. ఊళ్ళో ఒకరు కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కలపకు అమ్మేయమంటున్నారు, ఇంకొకరు అరబికా తీసేసి రొబస్టా అనే ఇంకో రకం కాఫీ వేయమంటున్నారు. ఇదంతా వాతావరణ మార్పు వల్లేనా, అయితే చిన్న రైతు చేయగలిగింది ఏమైనా ఉందా అని మీరు బెంగళూరు నుంచి అడుగుతున్నారు.

చెట్లు అమ్మకండి. అరబికా పీకి రొబస్టా వేయకండి. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నాను. పెద్ద చెట్టు నరకడానికి ఒక పూట చాలు, ఆ నీడ మళ్ళీ రావాలంటే పదేళ్ళు దాటుతుంది. మీ నాన్నగారు ఈ వేసవిలోనే తేల్చుకోవలసి వస్తే, నా వివరణ అంతా వినేదాకా ఆగకుండా ఈ మాట ఆయనకు ఇవాళే చెప్పండి.

నేను ఉండేదీ బెంగళూరులోనే. కాఫీ సాగు చేసే చిన్న రైతులకు సలహాలివ్వడం నా వృత్తి. కొడగు, చిక్కమగళూరు తోటల్లో ఎక్కువగా తిరిగాను, చింతపల్లి, పాడేరు, అరకు వైపు కూడా వెళ్తుంటాను. దేశంలో పండే కాఫీలో సుమారు 70 శాతం కర్ణాటకది కాబట్టి పరిశోధన, సలహా, యంత్రాలు అన్నీ ఇక్కడి తోటలను చూసి తయారైనవే. వాటిని ఉన్నవి ఉన్నట్టు మన్యానికి తీసుకుపోతే పొసగదు. కింద చెప్పేదంతా ఆ తేడా మనసులో పెట్టుకుని చెప్తున్నాను.

వాతావరణ మార్పేనా అంటే, కొంత అవును, కొంత కాదు. మొక్కలు ముసలివైపోవడం, కొమ్మ కత్తిరింపులు మానేయడం, ఎరువు వేయకపోవడం వల్ల తగ్గే దిగుబడిని కూడా ఈ మధ్య వాతావరణం ఖాతాలోనే రాస్తున్నారు. దాన్ని ముందు విడదీసి చూడాలి. మీ తోట పక్కనే, అదే ఎత్తులో, అదే వయసు మొక్కలతో బాగా చూసుకుంటున్న తోట ఉంటే రెండూ పోల్చి చూడండి. అక్కడా పూత చెడిపోయి, అక్కడా మొక్కలు చస్తూ ఉంటే అప్పుడది మీ నాన్నగారి పనితనానికి సంబంధించిన విషయం కాదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ తోటలో రెండూ కలిసే ఉన్నాయని నా అంచనా.

కొండ మీద వేడి ఎందుకు అంత పెద్ద విషయమో లెక్క వేసి చూడండి. సుమారుగా 1,000 మీటర్లు పైకి పోతే ఉష్ణోగ్రత ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఒక డిగ్రీ వేడి పెరిగిందంటే, పాత చల్లదనమే కావాలనుకున్న పంట 150 మీటర్లు పైకి జరగాలి. హిమాచల్‌లో ఆపిల్‌కు ఇదే జరిగింది. ఆ చెట్టు బాగా కాయాలంటే చలికాలంలో ఏడు డిగ్రీల లోపు చలి వందల గంటలపాటు తగలాలి. కింది లోయల్లో ఆ చలి తగ్గేసరికి కులూ దిగువ తోటల్లో రైతులు దానిమ్మ వంటి పంటలకు మారారు, ఆపిల్ కిన్నౌర్, లాహౌల్ వైపు ఎగబాకింది. వాళ్ళకు పైన ఇంకా కొండ మిగిలి ఉంది. మన తూర్పు కనుమల్లో కాఫీ తోటలు చాలావరకు 900 నుంచి 1,200 మీటర్ల మధ్య ఉన్నాయి. ఆ పైన ఉన్నది అడవి, దాని పైన శిఖరం. పైకి జరిగే దారి లేదు. కొండ ప్రాంతాలు దశాబ్దానికి 0.3 డిగ్రీల చొప్పున వేడెక్కుతున్నాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2019 నివేదిక చెప్పింది. అది హిమాలయాలు, ఆల్ప్స్, ఉత్తర అమెరికా పశ్చిమ పర్వతాల లెక్క. మన కొండలకు అదే అంకె అతికించను గానీ, దిశ మాత్రం అదే.

అయినా రైతును కుంగదీస్తున్నది సగటు వేడి కాదు. వాన వేళ తప్పడం. కాఫీ మొక్క ఏడాది ఎలా నడుస్తుందో తెలిస్తేనే ఈ మాట పట్టుబడుతుంది.

కోత అయ్యాక మొక్క కొన్ని వారాలు ఎండలో నీళ్ళు లేకుండా ఉండాలి. ఆ ఎండుదశలోనే కణుపుల దగ్గర మొగ్గలు నిద్రపోతాయి. మార్చి, ఏప్రిల్‌లో పాతిక నుంచి నలభై మిల్లీమీటర్ల వాన ఒక్కసారిగా పడితే తొమ్మిది పది రోజులకు తోటంతా ఒకే రోజు తెల్లగా విచ్చుకుంటుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల లోపు ఇంకొక వాన పడితేనే పిందె నిలుస్తుంది. ఈ రెండు వానలూ వేళకు పడితే ఆ ఏడాది పంటలో సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఒక చిన్న జల్లు పడుతుంది. కొన్ని మొగ్గలు విచ్చుకుంటాయి, మిగతావి అలాగే ఉంటాయి. మార్చిలో మళ్ళీ ఒక జల్లు, ఇంకొన్ని విచ్చుకుంటాయి. ఎండ ఎక్కువై నీళ్ళు చాలకపోతే మొగ్గ పూర్తిగా విచ్చుకోదు. రేకలు పెరగకుండా, చిన్నగా, గట్టిగా, ఆకుపచ్చ నక్షత్రంలా ఉండిపోతుంది. వాసన ఉండదు, పిందె కట్టదు. ఈసారి ఏప్రిల్‌లో ఊరికి వెళ్ళినప్పుడు కొమ్మను పట్టుకుని దగ్గరగా చూడండి. మామూలు కాఫీ పువ్వు మల్లెపువ్వులా తెల్లగా, కమ్మని వాసనతో ఉంటుంది. ఆ ఆకుపచ్చ నక్షత్రాలు గుత్తులు గుత్తులుగా కనిపిస్తే, ఆ కణుపుల దగ్గర ఈ ఏడాది కాయ లేనట్టే.

పూత మూడు నాలుగు విడతలుగా వస్తే కాయ కూడా మూడు నాలుగు విడతలుగా పండుతుంది. ఒకే కొమ్మ మీద ఎర్రటి పండు, పచ్చికాయ, ఎండి నల్లబడ్డ కాయ పక్కపక్కన ఉంటాయి. పెద్ద ఎస్టేటు యజమాని కూలీలను నాలుగు సార్లు పంపగలడు. మీ ఇంట్లో కోసేది మీ అమ్మగారూ బంధువులూ అయి ఉంటారు. వాలు మీద అదే తోటను నాలుగుసార్లు తిరగడం మామూలు శ్రమ కాదు. ఓపిక లేక అన్నీ ఒకేసారి దూసేస్తే పచ్చికాయ కలుస్తుంది, ధర పడిపోతుంది. వాతావరణ మార్పు నష్టాన్ని ఎకరానికి ఇన్ని కిలోలని లెక్కగట్టే నివేదికల్లో ఈ శ్రమ కనిపించదు. నాకు దాని మీదే ఎక్కువ బాధ.

కొడగులో రొబస్టా రైతులు చాలామంది పూత వాన కోసం ఆకాశం వైపు చూడడం తగ్గించారు. తోటలో చెరువు తవ్వుకుని, డీజిల్ పంపుతో స్ప్రింక్లర్లు పెట్టి ఫిబ్రవరిలోనే తడి ఇస్తారు. చెరువుకు చోటు, పంపుకు డబ్బు, నీళ్ళు నిలిచే నేల ఉన్నవాళ్ళకు అది కుదురుతుంది. దేశంలో కాఫీ కమతాల్లో 98 శాతానికి పైగా పది హెక్టార్ల లోపువే. అందులోనూ మన్యంలో రెండెకరాలు, మూడెకరాలే ఎక్కువ. ఏటవాలు మీద చెరువు తవ్వలేరు, ఊట గెడ్డలు వేసవికి సన్నబడతాయి. అందుకే రొబస్టా సలహా మీకు పనికిరాదని అన్నాను. రొబస్టా వేడిని తట్టుకుంటుంది, నిజమే. కానీ పూత వేళ నీళ్ళు అందకపోతే అది మరింత దెబ్బతింటుంది. పైగా అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీ ప్రాంతం పేరుకు విలువ తెచ్చిపెట్టింది అరబికా. దాన్ని పీకేసి, నీళ్ళు లేని వాలు మీద రొబస్టాతో కొడగుతో పోటీ పడడం కష్టం.

ఇక మొక్కలు పసుపుబారి చావడం. అది దాదాపు ఖాయంగా తెల్ల కాండం తొలుచు పురుగు. దీని పెంకు పురుగు ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ ఎగురుతుంది. ఎండ నేరుగా తగిలే కాండం బెరడు పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన లద్దెపురుగు ముందు బెరడు కింద తింటుంది, తర్వాత చెక్కలోకి దూరుతుంది. బయటికి కనిపించేది కాండం మీద ఉబ్బిన గట్టు ఒక్కటే. ఆ గట్టు దగ్గర కోసి నిలువుగా చీల్చి చూస్తే, లోపల వంకరటింకరగా సొరంగాలు, వాటి నిండా గట్టిగా కూరినట్టు చెక్కపొడి, ఒక్కోసారి చివరన కాళ్ళు లేని తెల్లటి పురుగు. చిన్న మొక్క ఏడాదిలో చస్తుంది. పెద్ద మొక్క చావకపోయినా కాపు పడిపోతుంది.

ఈ పురుగుకు వెలుతురు, వెచ్చదనం, పొడి వాతావరణం ఇష్టం. నీడ దట్టంగా ఉన్నచోట దాని ఉధృతి తక్కువ. సిల్వర్ ఓక్ నరికిన తోటలో రెండు మూడేళ్ళకే ఇది ఎలా విజృంభిస్తుందో నేను చాలాచోట్ల చూశాను. చెట్ల డబ్బు చేతికి వచ్చిన ఏడాది బాగానే ఉంటుంది, ఆ తర్వాత తోట మొత్తం మళ్ళీ నాటుకోవలసి వస్తుంది. పైగా ఆ చెట్టు మీద మిరియాల పాదు ఉంటుంది. కాఫీ దెబ్బతిన్న ఏడాది ఇంటిని నిలబెట్టేది మిరియాలే.

అయితే సిల్వర్ ఓక్ ఒక్కటే ఉండడం కూడా మంచిది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అరకు, పాడేరు కొండల మీద ఆ చెట్లు పెద్ద ఎత్తున విరిగి కాఫీ మొక్కల మీద పడ్డాయి. నీడ పోయింది, మొక్క కూడా పోయింది. గాలికి సులభంగా విరిగే చెట్టు అది. కాబట్టి ఉన్నవాటిని ఉంచి, ఖాళీల్లో పనస, నేరేడు, మామిడి వంటి మీ కొండకు అలవాటైన చెట్లు నాటండి. నీడ మరీ చిక్కబడితే వానలకు ముందు కింది కొమ్మలు తీసేయండి, మొదలు మాత్రం ముట్టవద్దు.

కాయ తొలుచు పురుగు సంగతి కూడా చెప్పాలి. ఇది మన దేశంలో మొదట 1990లో నీలగిరుల్లోని గూడలూరులో కనిపించి, తర్వాత కర్ణాటక, కేరళ తోటలకు పాకింది. మన్యం చాలా ఏళ్ళు దీనికి దూరంగా ఉంది. 2025లో అరకు ప్రాంతంలో బయటపడింది. ఇది రావడానికి వాతావరణమే కారణమని చెప్పలేను. సంచులు, గింజలు, మనుషుల రాకపోకలతో కూడా వస్తుంది. కానీ వచ్చాక ఎంత త్వరగా పెరుగుతుందో నిర్ణయించేది వెచ్చదనమే. కాయలు వేర్వేరు కాలాల్లో పండుతూ, తోటలో ఎప్పుడూ ఏదో ఒక పండు మిగిలి ఉంటే దానికి ఏడాది పొడవునా తిండి దొరికినట్టే. అందుకే ఆఖరి కోతలో ఒక్క కాయ కూడా మొక్క మీదా నేల మీదా మిగలకుండా ఏరుకోవడం మందు కొట్టడం కంటే ముఖ్యం.

గింజ రంగు మారడానికి వస్తాను. పశ్చిమ కనుమలకూ మీకూ అసలు తేడా ఇక్కడే ఉంది. మీ కోత నవంబరు, డిసెంబరుల్లో నడుస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేదీ అప్పుడే. సముద్రం వేడెక్కుతున్నకొద్దీ తుపానులు తెచ్చే వాన పెరుగుతుంది. పల్పింగ్ చేసి, అంటే పండు తొక్క తీసి, కడిగిన గింజ ఎండలో వారం పది రోజులు ఆరితే గానీ తేమ పది శాతం దగ్గరికి రాదు. మధ్యలో మూడు రోజులు ముసురు పట్టి టార్పాలిన్ కింద కుప్పగా ఉండిపోతే బూజు పడుతుంది, వాసన వస్తుంది. తోటలో ఏడాది పడ్డ కష్టం వాకిట్లో పోతుంది.

మీ జీతంలోంచి తోటకు పంపగలిగింది ముందు ఇక్కడ పెట్టండి. కొత్త మొక్కలకు, మందులకు తర్వాత చూద్దాం. వెదురుతో నడుము ఎత్తు బల్లలు కట్టించి, పైన వల పరచి, గింజను నాలుగైదు సెంటీమీటర్ల మందాన మించకుండా పోయండి. కింది నుంచి గాలి ఆడుతుంది, నేల చెమ్మ తగలదు. బల్లల మీద వంపుగా పారదర్శక ప్లాస్టిక్ కప్పు వేసి రెండు చివరలా తెరిచి ఉంచితే వానలో కూడా ఆరుతుంది. కింద పరిచిన గింజను వాన రాగానే ఎత్తి లోపలికి మోసే పని కూడా మీ అమ్మగారికి తప్పుతుంది. తొక్క తీసే చిన్న యంత్రం, బేబీ పల్పర్, ఒక్కో ఇంటికీ అక్కర్లేదు, నాలుగు కుటుంబాలకు ఒకటి చాలు. పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో, మీ ప్రాంతపు కాఫీ బోర్డు విస్తరణ అధికారుల దగ్గర ఏ సహాయం ఉందో అడగండి. ఆర్‌వీ నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం ఉంది. మీ నేల, మీ ఎత్తు తెలిసినవాళ్ళు వాళ్ళే.

కొండచరియల భయం మీరు అడగలేదు, అయినా చెప్తాను. 2018 ఆగస్టులో కొడగులో కొండలు జారి తోటలు తోటలే లోయలోకి పోయాయి. 2024 జూలై 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల కొట్టుకుపోయాయి. ఆనాటి వాన తీవ్రతను మనిషి వల్ల వచ్చిన వేడి సుమారు 10 శాతం పెంచిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఏటవాలు మీద లోతైన వేళ్ళున్న చెట్లు తీసేయడం, బాట కోసం వాలును నిటారుగా కోయడం, సహజంగా నీరు పారే దారిని మూసేయడం, ఈ మూడూ మీ ఊళ్ళో జరుగుతున్నాయేమో చూడండి. వాన ఎంత పడాలో మన చేతిలో లేదు, పడ్డ నీరు ఎటు పోవాలో కొంతవరకు ఉంది.

ఇంకొక ప్రమాదం మంచి ధర రూపంలో వస్తోంది. 2024-25లో కాఫీ ధరలు మునుపెన్నడూ లేనంత పెరిగాయి. బ్రెజిల్, వియత్నాంలలో కరువు దానికి ఒక ముఖ్య కారణం. ఆ ధర చూసి చోళ్ళు, సామలు, వలిసెలు, పసుపు వేసే పొలం చెక్కను కూడా కాఫీకి మార్చేవాళ్ళను చూస్తున్నాను. దయచేసి మీ నాన్నగారిని అలా చేయనివ్వకండి. కాఫీ నాటాక కాపుకు మూడు నాలుగేళ్ళు పడుతుంది, అప్పటి ధర ఎవరికీ తెలియదు. పూత వాన తప్పిన ఏడాది ఇంట్లో తిండిగింజలు ఉండాలి. రకరకాల పంటలు పెట్టుకోవడం వెనుకబాటుతనమని ఇన్నాళ్ళు మన్యం రైతులకు చెప్పినవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది.

బీమా గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చదువుకున్న కొడుకుగా మీరు ఎక్కువ సహాయపడగలిగేది ఇక్కడే. వాతావరణ ఆధారిత బీమాలో ఎవరూ తోటకు వచ్చి నష్టం చూడరు. దగ్గరలోని వాతావరణ కేంద్రంలో నమోదైన వాన, వేడి అంకెలను బట్టి పరిహారం తేలుతుంది. మైదానంలో అది కొంతవరకు సరిపోతుంది. కొండల్లో ఈ వాలు మీద యాభై మిల్లీమీటర్లు పడితే ఆ వాలు మీద చినుకు ఉండదు. కేంద్రం లోయలో ఉండి, తోట శిఖరం పక్కన ఉంటే, ఆ అంకెకూ మీ నష్టానికీ పొంతన ఉండదు. కొడగులో పాత ఎస్టేట్లు తరాలుగా వాన లెక్క పుస్తకాల్లో రాసుకుంటాయి. వాళ్ళు అధికారుల ముందు, బ్యాంకు ముందు మాట్లాడేటప్పుడు ఆ పుస్తకం వాళ్ళ పక్కన ఉంటుంది. గిరిజన రైతు దగ్గర జ్ఞాపకం మాత్రమే ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మీ పెరట్లో చెట్టు నీడ పడని చోట ఒక వానమాపకం పెట్టించండి. రోజూ పొద్దున ఒకే వేళకు చూసి నోటుపుస్తకంలో రాయమనండి. పూత ఏ రోజు వచ్చింది, కోత ఎప్పుడు మొదలైంది కూడా అందులోనే. ఐదారు ఇళ్ళవాళ్ళు కలిసి రాస్తే ఇంకా బలం.

దాంతోపాటు కాగితాలు. భూమికి అటవీ హక్కుల పట్టా ఉందా, అది ఎవరి పేరున ఉంది, కాఫీ ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో ఎక్కిందా, ఏ బీమా ఈ ఏడాది మీ మండలానికి వర్తిస్తుంది, ఇవన్నీ రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి. పంట నష్ట పరిహారం ఎప్పుడు వచ్చినా కాగితం ఉన్నవాడికే వస్తుంది.

అమ్మకం గురించి కూడా ఒక మాట. మీరుండే నగరంలోనే గింజ వేయించి అమ్మేవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళు మంచి అరబికా కోసం వెతుక్కుంటున్నారు. కాఫీ బోర్డు ప్రధాన కార్యాలయం విధానసౌధకు దగ్గరలో అంబేడ్కర్ వీధిలో ఉంది. నమూనా ఇస్తే నాణ్యత విభాగంవారు రుచి పరీక్ష చేసి నివేదిక ఇస్తారు. ఈసారి బల్లల మీద సరిగ్గా ఆరిన గింజ ఒక కిలో తెచ్చి పరీక్ష చేయించండి. ఆ కాగితం చేతిలో ఉంటే బేరం వేరుగా ఉంటుంది. అయితే రెండెకరాల పంటతో ఒక్కరే రావద్దు. ఊళ్ళో పదిమంది ఒకే పద్ధతిలో ఆరబెడితేనే కొనేవాడికి సరిపడా సరుకు అవుతుంది.

ముందుగా చేయవలసింది మార్చిలో, పురుగు ఎగరడం మొదలవకముందే. వరుసవారీగా ప్రతి మొక్క కాండం చేత్తో తడిమి గట్టు ఉందేమో చూడాలి. ఉన్నదాన్ని వేళ్ళతో సహా పీకి కాల్చేయాలి. పీకినదాన్ని వంటచెరకుగా ఇంటి దగ్గర పేర్చి పెడితే లోపలి పురుగు అక్కడి నుంచే ఎగిరిపోతుంది. మిగిలిన మొక్కలకు కొబ్బరి పీచుతో కాండం మీది వదులు బెరడు రుద్దేసి, పది శాతం సున్నపు నీళ్ళు పూయాలి. సెప్టెంబరులో మళ్ళీ ఒకసారి చూడాలి. వెళ్ళినప్పుడు గట్టు ఉన్న మొక్కల ఫోటోలు, ఆ వరుస పైన నీడ ఎంత ఉందో కనిపించేలా తీసి పంపండి. తోట ఎంత ఎత్తులో ఉంది, వాలు ఏ దిక్కుకు ఉంది, మొక్కలు ఏ రకం, ఎన్నేళ్ళవి అన్నది కూడా రాయండి. పడమటి ఎండ తగిలే వాలు అయితే నీడ చెట్లు నాటే చోటు మారుతుంది, అది చూసి చెప్తాను.